వెల్లుల్లి మార్కుల కుస్తీ

మా అమ్మ, మా ఇంటి ఓనరమ్మ కలిసి కుస్తీ మ్యాచ్‌లకు వెల్లుల్లితో మార్కులు వేసేవాళ్లు. నమ్మనివాళ్లు ఇక్కడే ఆగి వేరే పని చూసుకోవచ్చు, నేనేమీ అనుకోను.

ఓనరమ్మ పచ్చళ్లు పెట్టి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు పంపేది. కోచింగ్‌కు వచ్చిన పిల్లలు హాస్టల్ పప్పును గొంతు దాటించాలంటే ఆ పచ్చడే దిక్కు. పచ్చడికి వెల్లుల్లి కావాలి, వెల్లుల్లికి ఒలిచే చేతులు కావాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె మేడ మీది నుంచి కింద మా వాటాలోకి దిగి వచ్చేది. ఇద్దరూ చెరో చాటలో సమానంగా రెబ్బలు పోసుకుని టీవీ ముందు కూర్చునేవాళ్లు. నేను పాత మ్యాచ్ డిస్క్ పెట్టేవాణ్ని. మ్యాచ్ చప్పగా ఉంటే చేతులు చకచకా ఆడి చాట ఖాళీ అయ్యేది. పట్టు మీదుంటే చేతులు వాటంతటవే ఆగిపోయేవి. చివరి గంట కొట్టాక చాటలో ఎంత మిగిలితే మ్యాచ్ అంత గొప్పది. రెండు చాటలూ నిండుగా మిగిలితే అది చరిత్రలో నిలిచే మ్యాచ్, ఆ వారం హాస్టల్ పిల్లలకు పచ్చడి ఆలస్యం.

ఆమెను మొదట్లో నేను ఆంటీ అన్నాను.

"ఆంటీ ఏమిట్రా, ఇంగ్లీషు పీరియడ్‌లో ఉన్నామా? పిన్నీ అను," అంది.

ఇంగ్లీషు పీరియడ్‌లో కాస్త ఓపిగ్గా కూర్చుని ఉంటే కొత్తపేటలో టీవీలు బాగుచేసే కొట్లో కూర్చోవాల్సి వచ్చేది కాదు. తొమ్మిదిలో బడి మానేశాను. మానేశానని నేనంటాను. పీడ పోయిందని సార్లన్నారు. ఎవరి భాష వారిది.

పిన్నిగారు వాళ్లు కృష్ణా జిల్లా నుంచి ఎప్పుడో వచ్చి ఎల్బీనగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఆమె భర్తను మేం సారు అనేవాళ్లం, ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. అమ్మా నేనూ నల్లగొండ పల్లె నుంచి వచ్చి వాళ్ల కింది వాటాలో కిరాయికి దిగాం. పిన్నిగారు అమ్మను వదినగారూ అనేది, అమ్మ ఆమెను అక్కా అనేది. ఆ వరసలు కలిపితే చుట్టరికం ఎటు తేలుతుందో ఎవరూ అడగలేదు.

డిస్కులు నా వాటా. బాగుచేయడానికి వచ్చిన ప్లేయర్లలో ఇరుక్కున్నవి కొన్ని, కోఠి ఫుట్‌పాత్ మీద ఏరుకున్నవి కొన్ని. వ్యాఖ్యానం కూడా నా వాటానే. డిస్కులో ఇంగ్లీషు దొరలు గొంతు చించుకుంటుంటే "ఏమంటున్నర్రా?" అని అమ్మ అడిగేది. నాకేం తెలుసు? తోచింది చెప్పేవాణ్ని. ఆ ఇద్దరూ తోడల్లుళ్లనీ, మామగారి పొలం పంచుకోవడంలో తేడా వచ్చిందనీ, అందుకే గిరాటేసుకుంటున్నారనీ. పిన్నిగారికి ఇంగ్లీషు వచ్చు. కళ్లద్దాల మీది నుంచి నన్నోసారి చూసేదే తప్ప కాదనేది కాదు. పైగా మర్నాడు, "ఒరే, ఆ పొలం మాగాణా మెట్టా?" అని అడిగేది.

మల్లయోధుల పేర్లు నోరు తిరగవు కాబట్టి పోలికలను బట్టి చుట్టాల పేర్లు పెట్టుకున్నారు. బట్టతల పొడుగాయన అమ్మకు చిన్న మరిది. జుట్టు విరబోసుకుని వచ్చేవాడు పిన్నిగారి తోటికోడలి తమ్ముడు. ఆ తమ్ముడు దెబ్బలు తింటే, "వాడికి చిన్నప్పటి నుంచీ అంతేలెండి, మాట వినడు," అని ఆవిడ నిట్టూర్చేది.

వాళ్లిద్దరూ ఏళ్ల తరబడి తెగ్గొట్టలేకపోయిన వాదన ఒకటుంది. అన్నిటిలోకీ గొప్ప మ్యాచ్ ఏది? పిన్నిగారిది ఇనుప పంజరంలో జరిగిన మ్యాచ్. అమ్మ దాన్ని కోళ్లగూడు మ్యాచ్ అనేది. అమ్మది నిచ్చెన మ్యాచ్. నిచ్చెనెక్కి పైన వేలాడే బెల్టును ఎవడు అందుకుంటే వాడు గెలిచినట్టు.

"నిచ్చెన సున్నాలు వేసుకోవడానికి వదినగారూ, కొట్టుకోవడానికి కాదు. పంజరం చూడండి, తలుపు వేశారు, తాళం పెట్టారు. బయటివాడు వచ్చి కుర్చీతో కొట్టడానికి లేదు. అదీ న్యాయమంటే."

"న్యాయం కోర్టుల చూస్కో అక్కా. కొట్టుడు ఎవడైనా కొడతడు. పడుడు రావాలె. పడ్డంక లేసుడు రావాలె. గాయిన నిచ్చెన మీదికెంచి పడ్డడు, మళ్ల లేసి గదే నిచ్చెన ఎక్కిండు. గది కుస్తీ."

మా నాయిన తాటిచెట్టు మీంచి పడ్డాడు. మళ్లీ లేవలేదు. ఆ తరువాతే మేం పట్నం వచ్చాం. ఈ సంగతి అమ్మ పిన్నిగారికి ఒక్కసారే చెప్పింది, అదీ నేను డిస్కు మారుస్తున్న సందులో, రోజూ కూర ఏం వండిందో చెప్పే గొంతుతో. అప్పటి నుంచి నిచ్చెన మీంచి ఎవరు పడినా పిన్నిగారు ముందు అమ్మ ముఖం వంక చూసి, తరువాత టీవీ వంక చూసేది. అయినా మార్కులు మాత్రం వేసేది కాదు. చాట చకచకా ఖాళీ చేసేసేది. నిచ్చెన మ్యాచ్‌కు అమ్మ చాట నిండుగా, కోళ్లగూడుకు పిన్నిగారి చాట నిండుగా మిగిలేవి. రెండూ నిండిన మ్యాచ్ ఒక్కటీ లేదు.

"కావాలని చేతులాపేశారు. ఇది రిగ్గింగు వదినగారూ!"

"రిగ్గింగా! నీ గిన్నెల చూడు, సగం రెబ్బలు పొట్టుతోనే ఏసినవ్!"

సారు అప్పుడప్పుడు మెట్ల మీద ఆగి ఈ గోల విని పెదవి విరిచేవారు. "అదంతా నాటకమమ్మా. గెలిచేదెవరో వాళ్లు ముందే అనుకుంటారు."

"నాటకమైతే ఏంది సారూ? చిందు భాగోతం నాటకం కాదా? గెలిచెటోడు ఎవడో ఊరంత ఎరుకనే. అయినా కదలకుంట కూసుంటలేరా, ఏడుస్తలేరా?" అనేది అమ్మ. సారు తల అడ్డంగా ఊపుతూ పైకి వెళ్లిపోయేవారు. ఆయనకు వార్తలుండేవి. పై టీవీలో వార్తలు, కింది టీవీలో కుస్తీ. మధ్య మెట్ల మీద నిలబడితే ఏది ఏదో తెలిసేది కాదు.

అది ఉద్యమం ముదిరిన కాలం. ఇవ్వాళ బంద్, రేపు ర్యాలీ, ఆ పైన సమ్మె. బస్సులు డిపో దాటేవి కావు. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తా, ఎప్పుడూ అడుగు పెట్టే సందు లేనిది, క్రికెట్ ఆడుకునేంత ఖాళీగా పడి ఉండేది. మా కొట్టు షట్టర్ దించి ఉంటే నేను ఇంట్లో. నేను ఇంట్లో ఉంటే మ్యాచ్‌లే మ్యాచ్‌లు. ఉద్యమం వల్ల మా ఇంట్లో లాభపడింది కుస్తీ ఒక్కటే అని నేను జోకు వేస్తే ఇద్దరూ నవ్వారు. నవ్వి, ఇద్దరూ చాటల్లోకి చూశారు.

అమ్మకు తెలంగాణ కావాలి. అందులో దాపరికమేమీ లేదు. కాలనీ ఆడవాళ్లతో కలిసి ర్యాలీలకు పోయి గొంతు బొంగురు చేసుకుని వచ్చేది. పిన్నిగారు మిరియాల కషాయం పెట్టి ఇచ్చేది. ఎందుకు బొంగురు పోయిందని అడిగేది కాదు. అమ్మా చెప్పేది కాదు. టీవీ ముందు ఆ మాట రాకూడదని ఎవరూ పెట్టని నియమం ఒకటి ఉండేది.

ఒకనాడు ఆ నియమాన్ని ఇళ్ల బ్రోకరొకడు మోటార్ సైకిల్ మీద వచ్చి చెడగొట్టాడు. సారు అతనికి ఇల్లంతా తిప్పి చూపించారు. మా వాటాలోకి కూడా వచ్చి గోడలు తట్టి చూశాడు. రాష్ట్రం విడిపోతే తమబోటివాళ్ల సంగతేమిటోనని సారుకు భయం పట్టుకుందట. ఇల్లు అమ్మేసి విజయవాడ వైపు వెళ్లిపోవాలని ఉందట. ఇదంతా చెప్పింది పిన్నిగారు కాదు, బ్రోకరే. పిన్నిగారు ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే చాట పట్టుకుని వచ్చి కూర్చుంది.

నేను కావాలనే నిచ్చెన మ్యాచ్ పెట్టాను. తెర మీద మల్లయోధుడు నిచ్చెనెక్కాడు, పడ్డాడు, లేచాడు. అమ్మ చేతులు ఆగలేదు. మ్యాచ్ అయిపోయేసరికి అమ్మ చాటలో ఒక్క రెబ్బ కూడా లేదు. పిన్నిగారు తన ఖాళీ చాటనూ అమ్మ ఖాళీ చాటనూ ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆ రోజు ఎవరూ ఎవరినీ రిగ్గింగ్ అనలేదు.

వారమంతా అంతే. ఏ మ్యాచ్ పెట్టినా సున్నా. తోడల్లుళ్ల పొలం తగాదాలోకి నేను అత్తగారిని, పోలీసులను, ఒక దొంగ స్వామిని కూడా దించాను. నవ్వు రాలేదు. వంటింట్లో అమ్మ వెనకాల నిలబడి, "పోతే పోతరు గని, నువ్వెందుకు గట్లుంటున్నవ్?" అన్నాను.

అమ్మ పొయ్యి వైపే చూస్తూ అంది: "రాష్ట్రం రావాలె. అక్క పోవద్దు. రెండు ఒక్కతాన దొరుకుతయారా?"

జోకుల కొట్టు నాది. ఆ పూట దాని షట్టర్ కూడా దించేశాను.

"నువ్వే అడుగు మరి, పోవద్దని," అన్నాను.

"భయమైతాందని పోయెటోళ్లను ఏమని ఆపుత? నేనే గదరా రోడ్డు మీద ఒర్రుతున్న."

ఆ తరువాత కొద్ది రోజులకు ఎల్బీనగర్ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తినడం. అదొక నిరసన. పొద్దున అమ్మ గంటె పట్టుకుని గేటు దాటుతుంటే పైనుంచి పిన్నిగారు పిలిచింది.

"వదినగారూ, ఆగండి! పప్పు చేస్తున్నారా?"

"అవునక్కా."

"పోపుకి వెల్లుల్లేదీ?"

పిన్నిగారు ఒలిచిన రెబ్బల డబ్బా చంకన పెట్టుకుని, చెప్పులేసుకుని దిగి వచ్చింది. సారు బాల్కనీలోంచి, "ఎక్కడికే?" అన్నారు. "కూరగాయలకి," అంది. కూరగాయల బజారు అటు వైపు కాదని సారుకు తెలుసు, నాకు తెలుసు, బజారుకూ తెలుసు.

రోడ్డు మీద పొయ్యిలు పొగలు కక్కుతున్నాయి, మైకులో పాటలు మోగుతున్నాయి. అమ్మ ఒక గోనెసంచి పరిచి పిన్నిగారిని కూర్చోబెట్టింది. డబ్బాలో పొట్టు తీయని రెబ్బలు నాలుగు కనిపిస్తే పిన్నిగారు ఒలవడం మొదలుపెట్టింది. చేతికి పని దొరికేసరికి నోటికీ దొరికింది.

"అయినా వదినగారూ, ఆ పంజరంలో మీ మరిది పడడం మామూలు పడడమా? మీరు దానికి సున్నా వేశారు. అన్యాయం."

"గది పడుడా? పట్టుకొని పట్టుకొని దిగిండు. పండుగకు మేడ దిగినట్టు!"

"మేడా! నెత్తురొచ్చింది మనిషికి!"

పక్కన కూరగాయలు తరుగుతున్న ఆడవాళ్లు కత్తిపీటలు ఆపి చూశారు. ఎవరింట్లో కొట్లాట జరిగిందోనని ఒకామె కంగారుగా నన్నడిగింది. నేను తోడల్లుళ్ల సంగతి మొదలుపెట్టాను. మైకు దగ్గర కండువా వేసుకున్న కుర్రాడు పిన్నిగారి మాట తీరు విని దగ్గరికొచ్చాడు.

"అమ్మా, మీదేవూరు?"

పిన్నిగారు రెబ్బను వేళ్ల మధ్య అలాగే పట్టుకుంది. ఆమె నోరు తెరిచేలోపు అమ్మ అంది:

"ఎల్బీనగర్. నీది?"

కుర్రాడు అమ్మను చూశాడు, డబ్బాను చూశాడు. అతని ముఖంలో మొదట ఏముందో గానీ మెల్లగా నవ్వు తేలింది. "నాది సరూర్‌నగరమ్మా," అని గొంతుక్కూర్చుని, "పంజరం మ్యాచ్ అంటున్రు, గదేనా? చిన్నప్పుడు మస్తు చూసిన. గని నిచ్చెన మ్యాచే గొప్పది," అన్నాడు.

"నీకేం తెలుసయ్యా, పసివాడివి! ఇటు కూర్చో, చెబుతాను," అంది పిన్నిగారు.

అలా కూర్చుని చేయి పైకెత్తి, పంజరం ఎంత ఎత్తో, మరిది ఎలా దొర్లాడో ఆమె గాలిలో చూపిస్తుండగా నేను తలెత్తాను. రోడ్డుకు అవతల సారు నిలబడి ఉన్నారు. ఎంత తొందరగా బయల్దేరారో, చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని ఉన్నారు. నినాదాల మధ్య గోనెసంచి మీద కూర్చుని, చుట్టూ పదిమంది ఆడవాళ్లను నవ్విస్తున్న భార్యను అలా చూస్తూ ఉండిపోయారు. పిలవలేదు. పప్పు ఉడికే దాకా నిలబడి, మేం లేవకముందే వెళ్లిపోయారు.

ఇంటి గేటు దగ్గర ఎదురొచ్చారు. "ఎవరైనా ఏమైనా అన్నారా?" అన్నారు.

"అన్నారు," అంది పిన్నిగారు. "నిచ్చెన మ్యాచే గొప్పదన్నారు. వాళ్లకేం తెలుసు?"

సారు నవ్వలేదు. ఆమె రెండు మెట్లెక్కి ఆగింది. వెనక్కి తిరగకుండానే, "అక్కడికెళ్తే నాతో ఎవరు వాదిస్తారండీ? మీరా? మీకు మరిదెవడో తమ్ముడెవడో కూడా తెలీదు," అంది. అమ్మ గంటె కడగాలంటూ గబగబా లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం గేటు దగ్గర మోటార్ సైకిల్ ఆగింది. సారు బయటే నిలబడి బ్రోకరుతో మాట్లాడారు. మాటలు లోపలికి వినిపించడం లేదు. టీవీలో ఏదో మ్యాచ్ నడుస్తోంది, ఏదో ఇప్పుడు గుర్తు లేదు. అమ్మా పిన్నిగారూ తెర వైపే చూస్తున్నారు గానీ ఇద్దరి చెవులూ గేటు దగ్గరున్నాయి. బండి స్టార్టయి వీధి చివరికి వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది.

సారు లోపలికొచ్చారు. మెట్లెక్కకుండా మా వాటా గుమ్మం దాటి, జీవితంలో మొదటిసారి మా టీవీ ముందు నిలబడ్డారు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కాస్త వంగి తెరలోకి చూశారు.

"ఇక రావద్దన్నాను వాణ్ని," అన్నారు, తెరతో చెబుతున్నట్టు. ఆ వెంటనే, ఎవరైనా ఏమైనా అంటారేమోనన్న తొందరలో, "ఈ బట్టతలాయన ఎవరు?" అన్నారు.

పిన్నిగారు కొంగుతో ముఖం తుడుచుకుంది. అమ్మ ముక్కు ఎగబీల్చి, గొంతు సవరించుకుంది.

"సారూ," అంది, "జర పక్కకు జరుగుండ్రి. కనవడ్తలేదు."