న్యుమోనియాతో పోయిన రచయిత

నేనొక ఇంగ్లీషు రచయితని చంపాను. పగబట్టి కాదు, గైడులో ఖాళీ కనబడి చంపాను.

అప్పుడు నేను గుంటూరు దగ్గర ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్ని. ఇంటర్ పిల్లల పుస్తకంలో ఆయన వ్యాసం ఒకటి ఉండేది. చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ముక్కు కొసదాకా వచ్చిన తుమ్ముని ఎలా ఆపుకోవాలా అని మూడు పేజీలు. ఆయన ఫలానా ఏడు పుట్టాడని, పత్రికా విలేకరి అని, వారం వారం ఇలాంటివి రాసేవాడని తప్ప పుస్తకంలో ఇంకేమీ లేదు. బెజవాడలో గైడులు అచ్చేసే ఆయన ఆ పాఠానికి నోట్సు రాయమంటే రాసి పట్టుకెళ్లాను. చదివి పెదవి విరిచాడు.

"రచయిత గురించి రెండు మార్కుల ప్రశ్న వస్తది మాస్టారూ. పుట్టాడన్నారు, రాశాడన్నారు. పోవడం ఏదీ?"

"పోయాడో లేదో తెలీదండీ."

"పాఠంలోకెక్కాక కూడా బతికే ఉంటాడా?"

ఆ మాట నాకు సబబుగానే తోచింది. మేం చెప్పే పాఠాల్లో రచయితలంతా పోయినవాళ్లే. తుమ్ముల మీద అంత శ్రద్ధ ఉన్న మనిషి మరి దేంతో పోతాడు? జలుబు ముదిరి, న్యుమోనియాతో కన్నుమూశారని మంచి ఇంగ్లీషులో రాసిచ్చాను. గైడు బాగా అమ్ముడుపోయింది. పేపర్లు దిద్దడానికి వెళ్తే ఏ జిల్లా కట్ట విప్పినా ఆయన న్యుమోనియాతోనే పోతున్నాడు. నేనూ రెండేసి మార్కులు వేసుకుంటూ పోయాను.

ఎనభైల మొదట్లో, నర్సు ఉద్యోగం చేసే మా ఆవిడ వెనకాల అమెరికాలో, షికాగో పక్కనున్న షామ్‌బర్గ్ వచ్చిపడ్డాను. నాకు ఉద్యోగం లేదు, డ్రైవింగు రాదు. లైబ్రరీయే దిక్కు. ఒక శనివారం అక్కడి నోటీసు బోర్డు మీద ఆయన పేరు, కింద ఆ తుమ్ము వ్యాసం పేరు చూసి రెండుసార్లు చదువుకున్నాను. కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్నారట. ఆ మధ్యాహ్నమే మాట్లాడతారట.

నన్ను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన మా ఆవిడ నా మొహం చూసి, "ఏంటండీ, దెయ్యాన్ని చూసినట్టున్నారు" అంది.

"ఇంకా చూళ్లేదు, మూడింటికి చూస్తాను" అని సంగతంతా చెప్పాను. ఆవిడ నవ్వాపుకోలేక నోట్లో చేతిగుడ్డ కుక్కుకుంది.

మేం పదిమందిమి కూర్చున్నాం. అందులో ఇద్దరు చలికి తాళలేక లోపలికొచ్చినవాళ్లు. ఆయన పొడుగ్గా, సన్నగా, నిక్షేపంలా ఉన్నాడు. గంటసేపు మాట్లాడి ఒక్కసారి కూడా దగ్గలేదు. నాకు కాస్త ఒళ్లు మండింది కూడా.

చివర్లో ఎవరో మీ పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని అడిగారు.

"ఎక్కడా దొరకవు. నేను రాసిన పత్రికా మూతపడింది. నలభై ఏళ్లు రాశాను, ఇప్పుడు నన్ను చదివేవాళ్లు ఒక్కరు కూడా లేరు" అని నవ్వాడు. ఆ నవ్వు బాగాలేదు. మా వైపు ఊళ్లకి ఊళ్లు ఆయన్ని బట్టీ పడుతున్నాయని నాకు తెలుసు. ఆ మాట చెబితే ఏం బట్టీ పడుతున్నారో చూపించమంటాడని కూడా తెలుసు.

"పిల్లలు చదువుతున్నారని మాత్రం చెప్తా" అన్నాను మా ఆవిడతో మెల్లగా.

"ఆదివారం మన చర్చిలో లేచి సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా ఇలా సగమే చెప్తున్నారా? మొత్తం చెప్పేయండి. నేనెళ్లి కార్ వార్మప్ చేస్తా" అని మా ఆవిడ నన్ను వదిలేసి పోయింది.

అందరూ లేచాక ఆయన దగ్గరికెళ్లి చెప్పాను. మొదటి సగం వినగానే ఆయన మొహం వెలిగిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చుని, ఏ ఊళ్లో, ఏ వయసు పిల్లలు అని గుచ్చి గుచ్చి అడిగాడు. రెండో సగం ఆయన బూట్లకేసి చూస్తూ చెప్పాను.

ఆయన కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"దేంతో పోయాను?"

"న్యుమోనియా, సర్."

"ఎన్ని మార్కులు?"

"రెండు."

"అందరూ సరిగ్గానే రాశారా?"

"గైడు కొన్నవాళ్లంతా రాశారు, సర్."

అప్పుడు నవ్వాడు. లైబ్రరీ అమ్మాయి వచ్చి చూసి వెళ్లేంత గట్టిగా నవ్వాడు. నవ్వి నవ్వి, ఆయాసం తీర్చుకుని, "ఎవరైనా బాధపడ్డారా?" అన్నాడు. సరదాకే అడిగాడనుకుంటాను, కానీ జవాబు కోసం ఆగాడు.

ఒకరు పడ్డారు. ఏదో కట్టలో ఎవరో విద్యార్థి న్యుమోనియా తర్వాత, తప్పుల తడక ఇంగ్లీషులో, సొంతంగా ఒక వాక్యం కలిపాడు: ఈ పాఠం చదివి నేను నవ్వాను, ఈయన ఇంకొన్నాళ్లు ఉండుంటే బాగుండేది. గైడులో లేదు కదా అని నేను దాన్ని ఎర్ర సిరాతో కొట్టేశాను. సిగ్గుపడుతూ అది కూడా చెప్పాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"కొట్టేయకుండా ఉండాల్సింది మీరు" అన్నాడు. "నన్ను చదివింది ఆ ఒక్కరే."