మార్చని క్యాండిళ్ళు

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నా భార్యకీ చెప్పలేదు. ఇన్నేళ్ళుగా గొంతుకి అడ్డం పడి ఉంది; మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల్లో గవర్నర్‌పేటలో ఒక ప్రైవేటు ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాను. మేడ మీద ఆఫీసు. వరండాలో స్టీలు ఫిల్టరు. పైడబ్బాలో మూడు పింగాణీ క్యాండిళ్ళు; నీళ్ళు వాటిలోంచి ఊరి కింది డబ్బాలోకి దిగేవి. మంచినీళ్ళకీ టీకీ అందరికీ ఆ కుళాయే ఆధారం. ఆరునెలలకోసారి క్యాండిళ్ళు మార్చి, పక్కన వేలాడే అట్ట మీద తేదీ వేసి సంతకం పెట్టడం నా పని. వారానికోసారి వాటిని తోమడం, కింద మున్సిపల్ పంపు నుంచి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి పోయడం ఎస్తేరమ్మ పని. నలభై దాటిన మనిషి. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ మా మెట్లు.

ఆ వేసవి చివర గడువు వచ్చింది. కొత్త క్యాండిళ్ళు తెప్పించి బీరువాలో పెట్టారు. తాళం నా దగ్గరే. అప్పుడు నా భార్య చల్లపల్లిలో మా అమ్మ దగ్గర ఉంది, ఏడో నెల. అక్కడ కాలవ నీళ్ళే గతి. ఫిల్టరు నీళ్ళు తప్ప ఇవ్వొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో ఫిల్టరు ఉంది, క్యాండిళ్ళే పగిలిపోయాయి. శనివారం. బస్సు టైమైంది. బీరువా తీసి ఆ కొత్తవి సంచిలో వేసుకున్నాను. సోమవారం వేరేవి కొని పెట్టేద్దామనుకున్నాను. అట్ట మీద మాత్రం ఆరోజే 'మార్చడమైనది' అని రాసి సంతకం చేశాను. సోమవారం పెట్టేవాణ్ణి శనివారమే ఎందుకు రాశాను? ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. జవాబు తెలుసు కనకే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నానేమో.

సోమవారం కొనలేదు. ఆ తర్వాతి వారాల్లోనూ కొనలేదు.

వానలు పడ్డాయి. పంపులో నీళ్ళు ఎర్రగా వచ్చేవి. ముందు టైపిస్టు సుబ్బారావుకి కామెర్లు వచ్చి ఆస్పత్రిలో చేరాడు. వెనకే ఇంకో ఇద్దరు. నీళ్ళవల్లే అయ్యుంటుందని డాక్టరు అన్నాడట. అంతే, ఒకరి గ్లాసు ఒకరు ముట్టడం మానేశారు. ఎస్తేరమ్మ బిందెతో మెట్లెక్కుతుంటే మాటలు ఆగిపోయేవి. చేతులు కడుక్కుంటుందో లేదోనని ఒకరన్నారు. ఆ మాట వెనక అసలు మాట, ఆమె ఏ పేట నుంచి వస్తుందన్నది, ఎవరూ పైకి అనలేదు. అందరికీ వినిపించింది. పంపు దగ్గర వరస పెద్దదని కాలవలో ముంచుకొస్తోందేమో, ఎవరైనా చూశారా అని అడిగింది మాత్రం నేనే. ఊరికే అడిగినట్టు అడిగాను. మర్నాటికి చూసినవాళ్ళు ఇద్దరు తేలారు.

హెడ్ క్లర్కు గారు ఆమెనీ నన్నూ ఫిల్టరు దగ్గరికి పిలిచారు.

"నీళ్ళు ఎక్కడివమ్మా?"

"పంపువేనండి, దేవుడి తోడండి. ఆ క్యాండిళ్ళే పాతయ్యండి. వారవారం తోమేది నేనే గదండీ. ఒకదానికి అడుగున పెచ్చు లేచింది. ఇంకా అదే ఉందండి."

ఆయన అట్ట చూసి నావైపు తిరిగారు. "ఏమండీ, మార్చారా లేదా?"

"మార్చానండి. తేదీ వేశాను గదండీ. తనమీదికి వస్తుందని ఏదో చెబుతోంది."

ఎస్తేరమ్మ నన్ను చూసింది. "బాబుగారూ, మీరే అలా అంటే ఎలాగండీ?" అంది. గట్టిగా కూడా అనలేదు.

మూత తీస్తే తెలిసిపోయేది. ఎవరూ తీయలేదు. ఆ సాయంత్రమే ఆమెని మానిపించేశారు. ఆ రాత్రే కొత్తవి కొని, మర్నాడు అందరికన్నా ముందు వచ్చి బిగించి, పాతవి ఏలూరు కాలవలో పారేశాను. సుబ్బారావు మూడు నెలలకి సగమై తిరిగొచ్చాడు. మాకు ఆడపిల్ల పుట్టింది, ఆరోగ్యంగానే. నీళ్ళు పాడుచేసిన మనిషన్న పేరు వీధంతా పాకి, ఆ చుట్టుపక్కల ఎస్తేరమ్మని ఎవరూ పనిలో పెట్టుకోలేదని తర్వాత విన్నాను.

హెడ్ క్లర్కు గారు ఆ తర్వాత ఆ ఫిల్టరు నీళ్ళు తాగగా నేను చూడలేదు. ఆయనకి తెలిసిందా? తెలిసే ఊరుకున్నారా? ఎవరు మెల్లగా మాట్లాడుకున్నా, ఎవరు నవ్వినా, నా గురించేనేమో అనిపించేది. అక్కడ ఉన్నన్నాళ్ళూ అంతే.

రెండేళ్ళకి ధైర్యం చేసి ఆమె ఉండే వీధికి వెళ్ళాను. ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారు. గుడివాడ వైపు ఎక్కడికో వెళ్ళిపోయారన్నారు. అయ్యో అనిపించలేదు. హమ్మయ్య అనిపించింది. ఇదీ రాయాలి కనక రాస్తున్నాను.

కామెర్లు ఆ క్యాండిళ్ళవల్లే వచ్చాయా? ఇప్పటికీ తెలియదు. కొత్తవి ఉన్నా వచ్చేవేమో. ఆ 'ఏమో' చాటున చాలాకాలం తలదాచుకున్నాను. కానీ ఆరోజు అబద్ధం ఎవరు ఆడారన్న దాంట్లో ఏ సందేహమూ లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. క్యాండిళ్ళు నేను మార్చలేదు. ఎస్తేరమ్మ నిజమే చెప్పింది. ఈ రెండు ముక్కలూ ఇన్నాళ్ళకి రాయగలిగాను.