పదిహేడు పుస్తకాల తిట్లు

తిరుపతిలో గది కావలసినవాడు మూటాముల్లెతో వచ్చి కిటికీ ముందు నిలబడక తప్పని కాలం ఒకవైపు తీరిపోతూ, ఊళ్ళో ప్రతి సందు మొగదలా ఇంటర్నెట్ సెంటరు బోర్డు వేలాడే కాలం మరొకవైపు తోసుకొస్తూ ఉండగా, ఆ రెండింటి నడుమ ఇరుక్కుని, వెనక్కి పోలేక, ముందుకు జరగడానికి ఒప్పుకోక, వరదమ్మ సత్రం గదుల కిటికీ వెనుక ఇరవై రెండేళ్ళు ఒకే కొయ్యకుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతి యాత్రికుడినీ శత్రువులా చూసి, ప్రతి యాత్రికుడి చేతా శత్రువులాగే చూడబడి, రెండువేల ఏడో సంవత్సరపు ఆషాఢమాసం నాటికి యాభై నాలుగేళ్ళ వయసుకు చేరినవాడు వడమాలపేట చెంగల్రాయుడు.

సన్నని మనిషి. నుదుటి తిరునామం చెమటకు కరిగేది కాదు. పెదవి మీద నవ్వు ఏ పండుగకూ పుట్టేది కాదు. సత్రపు నియమాలు అతడికి శ్రుతివాక్యాలు. గది అడిగినవాడిని మొదట ప్రశ్నించి, పిదప అనుమానించి, కడకు వేరే దారి లేక తాళంచెవి చేతికిచ్చేవాడు. కిటికీ పక్కన మేకుకు నూలుతాడుతో కట్టిన ఫిర్యాదుల పుస్తకం ఒకటి వేలాడేది. దానిలో దోమల గురించీ నీళ్ళ గురించీ రాసినవారు కొద్దిమంది. తక్కినవారంతా చెంగల్రాయుడి గురించే రాశారు. నిండిన పుస్తకం మేనేజరుకు అప్పగించాలని నియమం. మేనేజర్లు దాన్ని తెరవకుండానే పాత చాపల గదిలో పడవేసేవారు. చెంగల్రాయుడు అక్కడినుంచి ఏరి తెచ్చి ఇంట్లో ట్రంకుపెట్టెలో భద్రపరిచాడు. అట్లా పదిహేడు పుస్తకాలు పోగయ్యాయి. ప్రతి శనివారం తెల్లవారుజామున స్నానం చేసి, స్వామికి దీపం పెట్టి, అన్యులు స్తోత్రం చదువుకునే వేళ ఇతడు ఆ తిట్లను పారాయణం చేసేవాడు. క్షమించడానికి కాదు, మరచిపోకుండా ఉండడానికి.

ఆ ఆషాఢంలో మేనేజరు జయచంద్ర అతడిని పిలిచి రెండు ముక్కలు చెప్పాడు. విజయదశమి నుంచి గదులన్నీ వెబ్‌సైటులోనే ఇస్తారు, కిటికీ మూసేస్తారు. చెంగల్రాయుడు వెనుకవైపు సామాన్ల గదికి పోయి యాత్రికుల పెట్టెలకు కాపలా కాయాలి. వెబ్‌సైటు నిలవకపోతే మాత్రం కిటికీ ఇప్పుడున్నట్టే ఉంటుంది. ఈ చివరి ముక్క జయచంద్ర నవ్వుతూ అన్నాడు. చెంగల్రాయుడు అది ఒక్కటే విన్నాడు.

వెబ్‌సైటు కట్టింది చిత్తూరులోని ఒక చిన్న కంపెనీ. దాని పరీక్ష బాధ్యత ధరణి అనే ఇరవై ఆరేళ్ళ ఇంజనీరుది. పదునైన చూపు, అంతకంటే పదునైన నోరు. ఒకేసారి వందలమంది వచ్చి తలుపు తడితే వెనుకనున్న సర్వరు నిలుస్తుందో కూలుతుందో ముందే తెలుసుకోవాలి. అందుకోసం అంతమంది మనుషులను పోగుచేయడం ఎవరి తరమూ కాదు కనుక, ఆమె తన కంప్యూటరులో ఐదువందలమంది మాయాయాత్రికులను సృష్టించింది. ఆ యాత్రికులు కిటికీ దగ్గరి నిజమైన యాత్రికుల మాదిరిగానే ప్రవర్తిస్తున్నారని, అందరికంటే ఎక్కువకాలం కిటికీలో కూర్చున్న ఉద్యోగి సంతకం చేయాలని సత్రం నడిపే ట్రస్టు పెద్దలు నిబంధన పెట్టారు. ఆ ఉద్యోగి చెంగల్రాయుడే.

మేనేజరు గదిలో పరీక్ష చూపించారు. తెర మీద మాయాయాత్రికుడు సెకనుకొకడు చొప్పున వచ్చాడు. తేదీ ఎంచుకున్నాడు, గది ఎంచుకున్నాడు, పేరూ వయసూ నింపాడు, వెళ్ళిపోయాడు. వాడి వెనుక మరొకడు, అదే నడక, అదే వేగం. ఎవడూ తటపటాయించలేదు. ఎవడూ వెనక్కి తిరిగి చూడలేదు. పది నిమిషాలు దాటకుండానే ఐదువందలమందీ పని ముగించుకుపోయారు. సర్వరుకు చెమట పట్టలేదు.

చెంగల్రాయుడు చాలాసేపు తెరనే చూశాడు.

“ఈళ్ళెవురు?”

“యాత్రికులు, సార్,” అంది ధరణి.

“యా ఊరోళ్ళు? నన్ను తిట్టినోళ్ళు ఇంత మంచోళ్ళు కాదు.”

జయచంద్ర పకపకా నవ్వాడు. ధరణి నవ్వలేదు. కుర్చీ ఇటు తిప్పి, “కిటికీ పోతాదని మీకు కడుపుమంట. ఆ మంటలోకి నా టెస్టును తోసేదేంది, సార్?” అంది. చెంగల్రాయుడు కలానికి మూత పెట్టి జేబులో దోపుకున్నాడు. ఆ కదలికే నిరాకరణ అని అక్కడున్న ఇద్దరికీ అర్థమైంది. వారం గడువిస్తున్నానని, ఆలోపు సంతకం కాకపోతే అతడిని సామాన్ల గదికి పంపడానికి విజయదశమి దాకా కూడా ఆగేది లేదని జయచంద్ర వెనుకనుంచి చెప్పాడు.

వడమాలపేటలో ఇంటికి పోయి జరిగింది చెబితే భార్య చంద్రకాంతమ్మ పొయ్యి దగ్గరినుంచి లేవకుండానే తీర్పు చెప్పింది. ఆమె లోకం ఎరిగిన మనిషి.

“సంతకం గీకేసి గమ్మునుండు. వాళ్ళ మిషను నడివీధిలో బోర్లా పడ్నాక, ఆ కిటికీని వాళ్ళే తెచ్చి నీ కాళ్ళకాడ పెడతారు.”

“అప్పుడు ఆ కాగితం మీద ఉండేది నా సంతకం గదా.”

“ఉంటే ఏమాయ?”

“యాత్రికుడు ఇట్టా ఉంటాడని నేను రాసిచ్చినట్టు అవుతాది. ఇరవై రెండేండ్లు యాడ కూర్చున్నావురా అంటే ఏం చెప్పేది?”

“నిన్ను కట్టుకున్నప్పట్నించీ నాకు ఇదే యాష్ట,” అని చంద్రకాంతమ్మ సంగటి గిన్నె అతడి ముందు పెట్టింది, కొంచెం గట్టిగానే.

ఆమె చెప్పిన దారిలో ఏ కష్టమూ లేదు. అబద్ధానికి సంతకం చేస్తే కిటికీ దక్కుతుంది; నిజం నిరూపిస్తే వాళ్ళు లోపాన్ని దిద్దుకుంటారు, కిటికీ పోతుంది. ఇది చెంగల్రాయుడికి తెలియక కాదు. అయితే తన జీవితమంతా ధారపోసి ద్వేషించిన మనుషులను ఎవరో చిత్తూరు పిల్ల ఇంత చవకగా, ఇంత సాధువులుగా గీసి పెట్టడం అతడు భరించలేకపోయాడు. మరునాడు పదిహేడు పుస్తకాలనూ రెండు సంచుల్లో కుక్కి తిరుపతి బస్సెక్కాడు. సత్రం ఆఫీసులో ధరణికి వేసిన బల్ల మీద వాటిని కుమ్మరించాడు.

“నీ యాత్రికులు ఈడ ఉండారు. సదువుకో.”

ధరణి మొదట వినోదానికి చదివింది. ఒక్కొక్క తిట్టునూ పైకి చదివి, అతడి ముఖం చూసి, మరింత గట్టిగా చదివింది. ‘ఈ ముసలి మొసలి’ అన్న చోట ఆమె నవ్వు ఆపుకోలేదు. అతడు గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. నాలుగో పుస్తకంలో వేలూరువాడు ఒకడు, తాను మొదటి వరుసలోనూ, తన భార్య రెండో వరుసలోనూ, బావమరిది మూడో వరుసలోనూ నిలబడ్డందుకు ముగ్గురినీ బయటికి పంపిన రాక్షసుడని రాశాడు. ధరణి ఆ వాక్యాన్ని రెండోసారి మనసులో చదువుకుంది. ఆ తరువాత ఇంకేదీ పైకి చదవలేదు. కాగితం తీసి గీతలు గీయసాగింది.

ఆ పుస్తకాలలో ఉన్నవి తిట్లు మాత్రమే కావు. తిట్టినవాడు ఎన్ని గంటలకు వచ్చాడో, ఎందరితో వచ్చాడో, ఏమి చేస్తుండగా కసురు తిన్నాడో అన్నీ ఉన్నాయి. కోపం వచ్చినవాడు కాలాన్ని నిమిషాలతో సహా రాస్తాడు. బస్సు దిగిన గుంపు ఒక్కసారే మీద పడుతుందనీ, ఆపైన అరగంట ఈగ కూడా వాలదనీ తేలింది. వందలో నలభైమంది ఊరికే ధర అడిగి పోయేవారు. కొందరు వయసు అడిగితే వెనుకకు తిరిగి, నాయన వయసెంత అని వరుస చివరి వరకూ అరిచి కనుక్కునేవారు. కొందరు లేదన్న జవాబును వినకుండా అదే ప్రశ్న తొమ్మిదిసార్లు వేసేవారు.

“అన్నిటికన్నా పెద్ద తెగులు ఇది కాదు,” అన్నాడు చెంగల్రాయుడు. బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టేవాడిని చూడమన్నాడు. వాడు ఎక్కుతాడో లేదో వాడికే తెలియదు, కాని ఆ సీటు ఇక మరొకడిది కాదు. సత్రంలోనూ అంతే. వరుసలో సంచి పెట్టి కాఫీకి పోయేవాడు, నాలుగు గదులు తీసిపెట్టమని చెప్పి మరో సత్రంలో బేరమాడేవాడు.

“నీ వెబ్‌సైటులో గది ముట్టుకున్నోడికి ఎంతసేపు అట్టిపెడతావు?”

“ఇరవై నిమిషాలు.”

“అయితే సచ్చినావు పో.”

ఆరురోజులు ఇద్దరూ ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని, ఒకరి మాట ఒకరు సగంలో తుంచుకుంటూ, కొత్త మాయాయాత్రికులను తయారుచేశారు. ఈసారి వారిలో తువ్వాళ్ళు వేసేవారున్నారు, మూడు వరుసల కుటుంబాలున్నాయి, పేరు నింపడానికి పావుగంట పట్టే ముసలివారున్నారు. ఒకే ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని ఊరందరి తరఫునా నొక్కే కుర్రకారు ఉన్నారు. ధరణి గీసిన ప్రతి మనిషినీ చెంగల్రాయుడు తిప్పికొట్టాడు. వీడికి ఇంకా ఓపిక ఎక్కువైంది, తగ్గించమన్నాడు. ఆమె ఒకసారి విసిగి, మీ ఇంట్లోవాళ్ళు మీతో ఎట్లా వేగుతున్నారని అడిగింది. వేగడం లేదని అతడు నిజాయితీగానే చెప్పాడు.

బుధవారం మధ్యాహ్నం జయచంద్ర ఎదుట రెండో పరీక్ష జరిగింది. ఐదువందలమంది అవసరం రాలేదు. రెండువందల పదిమంది చేరేసరికే నూట పన్నెండు గదుల మీదా తువ్వాళ్ళు పడ్డాయి. వేసినవారు వేసి వెళ్ళిపోయారు. గదులు లేవన్న జవాబు చూసినవారు నమ్మక మళ్ళీ నొక్కారు, మళ్ళీ నొక్కారు. ప్రతి నొక్కుడూ సర్వరుకు మరొక కొత్త యాత్రికుడే. మూడో నిమిషంలో తెర తెల్లబోయింది, ఆపైన కదలలేదు.

జయచంద్ర కోపం సర్వరు మీదికి పోలేదు. బల్ల మీది పుస్తకాలలో ఒకటి అందుకుని పావుగంట చదివాడు. చదువుతున్నకొద్దీ అతడి చెవులు ఎర్రబడ్డాయి.

“ఇవన్నీ నిన్ను తిట్టినవేనా, రాయుడప్పా? ఇవి ట్రస్టోళ్ళ కంటబడితే సామాన్ల గది కూడా దక్కదు నీకు.”

“సూపించు. తెచ్చింది నేనే గదా.”

దిద్దుబాటు మొదలైంది. ఒక ఫోను నంబరుకు ఒక్క గదే పట్టి ఉంచాలి. కాచుకున్నవాడు ఊరికే నొక్కనక్కరలేకుండా వాడి వంతు ఎన్నోదో పేజీయే చెప్పాలి. పట్టి ఉంచే గడువు ఇరవై నుంచి ఐదు నిమిషాలకు తగ్గాలి. గడువు దాటినవాడు మళ్ళీ చివరికి పోవలసిందే. ఈ చివరి నియమం చెంగల్రాయుడిది. కిటికీలో అతడు ఇరవై రెండేళ్ళు అమలుచేసినదీ అదే.

ధరణి అప్పటికి పదకొండో పుస్తకంలో ఉంది. రెండు పుటలు గుండుసూదితో ఒకటిగా గుచ్చి ఉండడం చూసి సూది లాగింది. చెంగల్రాయుడు వద్దని చెయ్యి చాపాడు కాని, ఆలస్యమైంది. నాయుడుపేట మునిరత్నమ్మ, తొంభై ఎనిమిదో సంవత్సరంలో రాసింది. బిడ్డకు జ్వరం వస్తే మందుకని సంచి వరుసలో ఉంచి పోయిందట. వచ్చేసరికి గది మరొకరికి ఇచ్చి, చివర నిలబడమన్నారట. ఆ రాత్రి బస్టాండులోనే పడుకున్నారట. కింద చివరి వాక్యం: ‘ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన ఇల్లు చల్లగా ఉండాల.’

తిట్టినవారికి మనసులోనే తిట్టు తిప్పికొట్టి రుణం తీర్చుకోవచ్చు. దీవించిన మనిషికి ఏమి పంపాలో చెంగల్రాయుడికి తొమ్మిదేళ్ళుగా తోచలేదు. అందుకే సూది.

“ఈమె కూడా తువ్వాలు ఏసిన మనిషేనా, సార్?” అని ధరణి అడిగింది. గొంతులో జాలి లేదు, కావాలనే అడిగింది.

అతడు పుట మూశాడు. కసురుకుంటున్న గొంతుతోనే, “పోయి తిరిగొచ్చినోడిని ఒక్కసారికి వాడి చోట్లోనే నిలబెట్టు. అరగంటలోపల. రెండోసారి వద్దు,” అన్నాడు.

“ఈ మాట కిటికీలో అనుంటే బాగుండు.”

“నీ పని నువ్వు సూడు.”

మూడో పరీక్షలో ఎనిమిదివందలమంది దుర్మార్గులైన మాయాయాత్రికులు రెండుగంటలపాటు సర్వరును పీక్కుతిన్నారు. అది నిలిచింది. చెంగల్రాయుడు కలం తీసి, కాగితాన్ని మొదటినుంచి చివరివరకూ చదివి, సంతకం చేశాడు. ధరణి కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, వస్తానని కూడా చెప్పకుండా చిత్తూరు బస్సుకు పోయింది. జయచంద్ర విజయదశమి దాకా ఆగలేదు. ఆపై సోమవారమే కిటికీకి చెక్కపలక కొట్టించి మూయించాడు.

సామాన్ల గదికి కిటికీ లేదు. మొదటిరోజు చెంగల్రాయుడు కొయ్యకుర్చీని తానే మోసుకుపోయి అక్కడ వేసుకున్నాడు. గోడకు మేకు కొట్టి, నూలుతాడు కట్టి, కొత్త పుస్తకం వేలాడదీశాడు. పద్దెనిమిదోది. సాయంత్రానికే పుత్తూరువాడొకడు, తన పెట్టె తనకివ్వడానికి మూడుసార్లు పేరడిగిన ఈ మనిషి మనిషేనా అని రాసిపోయాడు. చెంగల్రాయుడు అది చదివి, గంట ఎంతయిందో పక్కన సరిచేసి, మూసిపెట్టాడు.

గాలి చొరని ఆ గదిలోనూ అతడికి ఊపిరి సులువుగా ఆడుగాక. నిజానికి తప్ప దేనికీ వంగని ఆ కలంలో సిరా ఇంకకుండుగాక. చంద్రకాంతమ్మ పొయ్యి మీద సంగటి ఏ పూటా చల్లారకుండుగాక. ఏడుకొండలవాడి చూపు ఆ వడమాలపేట ఇంటి మీద తిట్లకంటే ఒక్కటి ఎక్కువగానే నిలిచి, నాయుడుపేట తల్లి కోరినట్టు ఆ ఇల్లు ఇల్లంతా చల్లగా ఉండుగాక.