ఫోన్ డాడీ మెట్రో ఎక్కిండు

నిన్న మీ అన్న పెండ్లాం పిల్లల్ని ప్లాట్‌ఫామ్ మీద ఇడిసిపెట్టి, ఖాళీ బేబీ బండి పట్టుకొని రియాద్ మెట్రోల ఒక్కడే పోయిండు! ఆఁ, నవ్వుండ్రి తమ్ముండ్లూ, ఆ అన్నను నేనే. కడుపునిండ నవ్వి, చాయ్ తాగి, అప్పుడు ఇనుండ్రి. ఎట్లయినా మీ వదిన మీకు చెప్పకుండ ఉండదు. ఆమె చెప్తే ఇంకింత మసాలా పడ్తది, అందుకే నేనే చెప్తున్న.

మా చిన్నది మిన్ను సంగతి మీకు ఎరుకే గదా. అది పుట్టినప్పుడు నాకు లీవ్ దొరకలే. తర్వాత ఒక్కసారి ఇంటికి పోయిన, అప్పటికి దానికి ఇంక నడకే రాదు. ఆ తర్వాతంత ఫోన్లనే పెంచిన. నేను ఫోన్ల కనిపిస్తేనే బువ్వ తినేది. పండుకునే ముందు స్క్రీన్‌కు ముద్దులు పెట్టి ఫోనంత ఎంగిలి చేసేది. అసోంటి పోరి, విజిట్ వీసా మీద వచ్చి ఏర్‌పోర్టుల నన్ను చూసి ఏం జేసింది? వాళ్లమ్మ ఎనకకు పోయి దాసుకున్నది.

"డాడీ బిడ్డా, డాడీ!" అని మీ వదిన లావణ్య ఎంత చెప్పినా ఇనలే.

"డాడీ కాదు. అంకుల్."

చేతులు జాపిన. ఏడ్సింది. చాక్లెట్ ఇచ్చిన. చాక్లెట్ తీస్కొని ఏడ్సింది!

అప్పటి సంది గదే కథ. పొద్దున లేస్తే అంకుల్, డ్యూటీ నుంచి వస్తే అంకుల్. మా పెద్దోడు చింటు నా మెడ మీదికెల్లి దిగడు, ఇదేమో నేను మంచం మీద కూసుంటే కిందికి దిగి కూసుంటది. ఇగ వీసా అయిపోవస్తున్నది. పోయేలోపట ఒక్కసారన్న నా దగ్గరికి రాకపోతే, ఒక్కసారన్న డాడీ అనకపోతే, వీళ్లు పోయినంక నేను ఆ రూమ్ల ఎట్లుంటరా? మీ ముందర నవ్వుతున్న గని, మొన్న ఏసీ డక్ట్ లోపల పని చేసుకుంటనే ఏడ్సిన. ఫోర్‌మన్ చూస్తే, కండ్లల్ల దుమ్ము పడ్డదన్న.

అందుకే నిన్న శుక్రవారం, "నడువుండ్రి, ఊరంత తిప్పుత. రియాద్‌ల నాకు ఎరుకలేని గల్లీ లేదు" అన్న. బిడ్డను ఎట్లన్న మచ్చిక చేసుకోవాలని నా ప్లాన్. ఈ ఏసీ పని మీద నేను తిరగని బిల్డింగ్ ఉన్నదా? గని టాక్సీ ఎక్కినంకనే తెల్సింది నా తెలివి.

"డాడీ, గదేంది?" అని చింటుగాడు అడుగుతడు.

"అది పెద్ద ఆఫీస్ నానా. దాని మిద్దె మీద ఏసీ చిల్లర్ మిషన్ నేనే రిపేర్ చేసిన."

"గదేంది?"

"మాల్. లోపల డక్టులన్ని నేనే కడిగిన."

పైన పెద్ద బొక్కున్న టవర్ లేదా, దాని కాడికి తీస్కపోయిన. పోరడు నోరు తెర్సి చూస్తున్నడు. నేనేమో, "దాని బేస్‌మెంట్‌ల..." అని మొదలు పెట్టిన.

"ఏమయ్యా, ఈ ఊర్ల మనుషులు చూసేటివి ఏమన్న ఉన్నయా, అన్ని ఏసీలేనా?" అని లావణ్య ఒక్కటే మాట అన్నది. మిన్ను మాత్రం బేబీ బండిల కూసొని, వాళ్లమ్మ ఫోన్‌ను చేతుల పట్టుకొని దాని దిక్కే చూస్తున్నది. ఫోన్ ఆఫ్‌లనే ఉన్నది. ఊకె నల్ల స్క్రీన్‌ను చూస్తున్నది. ఇది కూడ ఏసీల ముచ్చట ఇని విసిగిపోయిందేమో అనుకున్న.

పిల్లలు అలిసిపోయిన్రు. వచ్చేటప్పుడు మెట్రోల పోదామన్న. టేషన్ల మిన్నును లావణ్య సంకకెత్తుకున్నది, ఖాళీ బండి నేను పట్టుకున్న. పొద్దుగూకేటి మగ్రిబ్ నమాజ్ అప్పుడే అయిపోయింది, జనం ఒక్కసారే వచ్చిన్రు. ట్రైన్ వచ్చింది. "రాండ్రి రాండ్రి, జల్దీ!" అని ఒర్రుకుంట ముందట నడిసిన.

ఇప్పుడు మీరే చెప్పుండ్రి, నా తప్పేమన్న ఉన్నదా? ఊర్ల ఎంత పెండ్లయినా, ఈడ ఫ్యామిలీ పక్కన లేనోడు బ్యాచిలరే గదా. మనల్ని పార్కుల కాడ ఆపలేదా? హోటల్ల "బ్యాచిలర్, పక్క డోర్" అని పంపలేదా? ఇన్నేండ్ల సంది 'ఫ్యామిలీ' అన్న బోర్డు కనిపిస్తే చాలు, నా కాళ్లు వాటంతటవే పక్కకు తిరుగుతయి. నిన్న కూడ తిరిగినయి! ఈ మెట్రోల ఫ్యామిలీలకు ఒక డబ్బా, ఒంటిగ పోయే మగోళ్లకు సింగిల్స్ డబ్బా వేరే. ఫ్యామిలీ డబ్బా డోర్ ముందట పెండ్లాం పిల్లలు నిలబడ్డరు. నేను దాన్ని దాటుకొని, మగోళ్లతోని కలిసి, సక్కగ సింగిల్స్ డబ్బాల ఎక్కిన. ఎక్కి, బండిని మడతపెట్టకుండనే మంచిగ పక్కకు నిలబెట్టి, "సీట్ ఉన్నది, కూసో లావణ్యా" అన్న.

పక్కకున్న పాకిస్తాన్ ముసలాయన నా దిక్కు చూసిండు, బండి దిక్కు చూసిండు.

"బేటా, బచ్చా కిధర్ హై?"

పిల్ల ఏదని అడుగుతున్నడు. తిరిగి చూసిన. అద్దం అవుతల లావణ్య చెయ్యి ఊపుకుంట ఉరికొస్తున్నది. "ఓ చింటు డాడీ! గటు కాదూ!" అని నోరైతే కదులుతున్నది, మాట ఇనొస్తలేదు. ట్రైన్ కదిలింది. ఆపమని కాళ్లు మొక్కుదామంటే ఆ ట్రైన్‌కు డ్రైవరే లేకపాయె! ఎవని కాళ్లు మొక్కాలె?

లావణ్యకు ఈడి బాస రాదు, దారి ఎరుకలేదు. ఇంతల ఫోన్ మోగింది. మా చింటుగాడు, వీడియో కాల్. వానికి డాడీకి ఫోన్ చేసుడంటే వీడియో కాలే, వేరేది తెల్వదు.

"నానా, ఆడనే నిలబడుండ్రి! కదలకుండ్రి! నేను ఎనకకు వస్తున్న!"

వాడు జవాబు చెప్పేలోపటనే ఎవరో ఫోన్ గుంజుకున్నరు. స్క్రీన్ నిండ మిన్ను ముక్కే.

"డాడీఽఽ!"

మీ మీద ఒట్టురా, నా చెవులను నేను నమ్మలే.

"ఫోన్ డాడీ! ఏడికి పోయినవ్? నేను రోజూ ఫోన్ చూస్తున్న. నువ్వు వస్తనే లేవ్!"

అప్పుడు సమజైంది నాకు. వీళ్లు వచ్చినప్పటి సంది మేం ఒక్క కాల్ చేసుకున్నమా? పక్కపక్కకు కూసున్నోళ్లు వీడియో కాల్ ఎందుకు చేసుకుంటరు? దాని లెక్కల డాడీ మాయమైండు, ఆ జాగల ఎవడో అంకుల్ వచ్చి ఇంట్ల కూసున్నడు! నల్ల స్క్రీన్ల అది వెతికేది నన్నే. పిచ్చి తల్లి, నేను దాని కోసం ఏడుస్తుంటే అది నా కోసం ఏడుస్తున్నది.

"డాడీ, ఇను," అని గొంతు తగ్గించి చాడీలు మొదలు పెట్టింది. "ఆ అంకుల్ లేడూ? మమ్మల్ని ఇడిసిపెట్టి పోయిండు. నా బండి కూడ ఎత్కపోయిండు!"

డబ్బా మొత్తం నా దిక్కే చూస్తున్నది. నవ్వాల్నా ఏడ్వాల్నా తెల్వక రెండూ చేసిన. ముసలాయన నా భుజం మీద చెయ్యేసి, "బచ్చీ హై? మాషా అల్లా" అన్నడు.

"నేనొస్తున్న బిడ్డా. ఫోన్ కట్ చెయ్యకు, నన్నే చూసుకుంట ఉండు."

ముందటి టేషన్ల దిగి, బండి సంకల పెట్టుకొని అవుతలి ప్లాట్‌ఫామ్‌కు ఉరికి, ఎనకకు పోయే ట్రైన్ పట్టుకున్న. దారంత అది అంకుల్ మీద చాడీలు చెప్పుడు, నేను "ఆ అంకుల్‌కు అక్కల్ లేదు బిడ్డా" అనుడు. దిగి, మొఖం ముందట ఫోన్ పట్టుకొనే నడిసిన. లావణ్య బెంచీ మీద కూసొని కండ్లెర్ర చేసి చూస్తున్నది. మిన్ను ఫోన్ల చూస్తున్నది. నా గొంతు ఫోన్లకెల్లి ఒకసారి, ఎదురుంగ ఒకసారి ఇనొస్తుంటే తలకాయ ఎత్తింది. ఫోన్ చూసింది, నన్ను చూసింది. మళ్ల ఫోన్ చూసింది. మెల్లగ నా దగ్గరికి వచ్చి, నా చేతులకెల్లి ఫోన్ గుంజుకొని, ఎనక్కి తిప్పి చూసింది. ఆడ ఎవ్వరు లేరు. నా మొఖం మీద చెయ్యి పెట్టింది.

"డాడీ, నువ్వు బయటికి ఎట్లొచ్చినవ్?"

లావణ్యనే కండ్లు తుడుసుకుంట జవాబు చెప్పింది: "రాంగ్ డబ్బా ఎక్కి వచ్చిండు బిడ్డా."

ఎత్తుకున్న. ఏడ్వలే! నా చెంపకు ముద్దు పెట్టి, ఎంగిలి కూడ చేసింది. అట్లనే భుజాల మీద కూసోబెట్టుకొని నిలబడ్డ, రాజు లెక్క. తర్వాతి ట్రైన్ వచ్చింది. "రాండ్రి రాండ్రి, జల్దీ!" అని నాలుగు అడుగులు వేసిన్నో లేదో, పైకెల్లి నా జుట్టు పట్టి గట్టిగ గుంజింది పోరి.

"గటు కాదు డాడీ, గిటు!"