తప్పు ప్రశ్నదే అన్న పెద్దమనిషి

నిన్న సాయంత్రం మీ ఇంటి తలుపు గడియ పెట్టాక లోపల ఎంతమంది ఉన్నారు? తడుముకోకుండా చెప్పగలరా? చెప్పారా? అయితే మళ్లీ అడుగుతున్నాను. మంచాన పడి ఉన్న ముసలమ్మను కలిపారా? వంటింట్లోనే పడుకునే పనిమనిషిని కలిపారా?

ఈ ప్రశ్న నాది కాదు. ఇలా అడగడం నాకు నేర్పిన మనిషి పోయిన మంగళవారం కన్నుమూశారు.

కబురు తెచ్చింది మా తాలూకా సబ్‌జైల్లో పనిచేసి దిగిపోయిన హెడ్డు వార్డరు. ఎదురుగాలికి తొక్కలేక మైపాడు రోడ్డు పొడుగునా సైకిలు నడిపించుకుంటూ వచ్చి, ఆ వారం పెళ్లిబట్టలకని మైపాడులో వేసుకున్న నా కుట్టుమిషను ముందు నిలబడ్డాడు.

"అయ్యగారూ, మన ప్రశ్నలాయన పోయినాడు."

"ఎప్పుడు?"

"తెల్లార్తో. కాఫీ అడిగినాడంట, తెచ్చేలోపల అయిపోయినాడు." మళ్లీ అతనే అన్నాడు: "ఆయనుంటే అడిగుండేవాడు, తెల్లార్తో అంటే ఎన్ని గంటలకి హెడ్డుగారూ అని."

ఇద్దరం నవ్వాము. ఆ నవ్వు మధ్యలోనే అతను భుజం మీది తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

నేను దర్జీని. బడికి పోయింది తక్కువ. దేవుని వాక్యం చదవాలనే పట్టుతో అక్షరాలు కూడబలుక్కున్నాను. ఇప్పటికీ కత్తెరకు ఒక పక్క గజంబద్ద ఉంటే, రెండో పక్క బైబిలు గ్రంథం ఉంటుంది. వార్డర్లకు ఖాకీ బట్టలు కుట్టడానికి సబ్‌జైలుకి పోయేవాణ్ణి. కొలతలు తీసుకుంటూనే, గురువారం సాయంత్రాలు ఖైదీలకు నాలుగు మంచి మాటలు చెప్పుకోవడానికి అనుమతి సంపాదించాను. నా బోధ విన్నవాళ్లకు తెలిసిందే. గొంతు ఎత్తితే తాలూకా ఆఫీసు దాకా వినబడేది. అలా రెండేళ్లు చెప్పాను.

రాష్ట్రం ఏర్పడ్డ కొన్నేళ్లకు, ఒక గురువారం మధ్యాహ్నం, కుట్టిన బట్టలు మూటగట్టుకుని వెళ్లేసరికి ఆవరణలో ఒక కొత్తమనిషి స్టూలు మీద కూర్చుని ఉన్నారు. నూలు చొక్కా, అరిగిన చెప్పులు, ఒళ్లో అట్ట. చేతిలో పెన్సిలు, వేళ్ల మధ్య రబ్బరుముక్క. గణాంకాల ఆఫీసు నుంచి వచ్చారట. జైళ్లలో ఖైదీల జనాభా తెలుసుకోవడానికి పైవాళ్లు ఒక ప్రశ్నల పత్రం తయారుచేశారు. దాన్ని అన్ని జైళ్లకూ పంపేముందు, ఒక చిన్న జైల్లో సిబ్బందిని అడిగి, ప్రశ్నలు సరిగా ఉన్నాయో లేదో చూసి రమ్మని ఈయన్ను పంపారు.

"అంటే మాకు పరీక్షా సార్?" అన్నాడు హెడ్డు వార్డరు, మీసం సవరించుకుంటూ.

"మీకు కాదండీ. పరీక్ష నా ప్రశ్నలకు. మీరు మార్కులు వెయ్యాలి."

హెడ్డు వార్డరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

మొదటి ప్రశ్న: ఈరోజు జైల్లో ఎంతమంది ఉన్నారు?

"పదిహేడు."

అదే ప్రశ్న పక్కనున్న చిన్న వార్డరును అడిగారు. "పందొమ్మిది సార్."

"యో, నీకు కళ్లు పోయినాయా? ఇద్దురు కోర్టుకి పోయినారు గదా!"

"పోతే సాయంత్రానికి రారా అన్నా? వాళ్ల గిన్నెలు ఈడనే ఉండాయి."

ఆ పెద్దమనిషి ముఖం వెలిగింది. తప్పు పట్టుకున్నవాడి సంతోషం కాదది, తప్పిపోయిన వస్తువు దొరికినవాడి సంతోషం. "ఇద్దరూ నిజమే చెప్పారు. తప్పు మీది కాదు, ప్రశ్నది" అని రబ్బరుతో తుడిచి కొత్తగా రాశారు: నిన్న సాయంత్రం తాళం వేశాక లోపల ఎంతమంది ఉన్నారు? ఈసారి ఇద్దరూ ఒకేమాట మీద పందొమ్మిది అన్నారు.

తరువాతి ప్రశ్న: ఈ నెలలో కొత్తగా ఎంతమంది వచ్చారు?

హెడ్డు వార్డరు తల గోక్కున్నాడు. "ఒకడే మూడుమాట్లు వస్తే ఒకడా, ముగ్గురా సార్? మాకు అట్టాంటోడు ఒకడుండాడు. పంపిస్తే వారం తిరక్కుండా వస్తాడు. మా ఇంటల్లుడి మాదిరి."

ఆయన గట్టిగా నవ్వి, మళ్లీ రబ్బరు తీశారు. వాళ్లు చెప్పిన జవాబును మాత్రం ఎన్నడూ తుడవలేదు, అది గమనించాను. "మీకు ఏమని అర్థమైంది, మీ మాటల్లో చెప్పండి" అనేవారు. చెప్పింది చెప్పినట్టు రాసుకునేవారు. నాకు లోపల చిరాకుగానే ఉంది. ఇంత చిన్న సంగతికి ఇంత సాగదీతా అనుకున్నాను.

కోర్టుకు వెళ్లినవాళ్లు వచ్చారు. నా బోధ మొదలుపెట్టాను. ఆనాడు చెప్పింది వందలో తప్పిపోయిన ఒక్క గొర్రె సంగతే. తొంభైతొమ్మిదింటిని విడిచి ఆ ఒక్కదాని కోసం ముళ్లపొదల్లోకి పోయిన కాపరిని గురించి చెబుతూ నేనే కన్నీళ్లు పెట్టుకున్నాను. అయ్యాక ఎప్పటిలాగే ఒక ఆడమనిషి అల్యూమినియం గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి గ్లాసు ఇచ్చేశాను.

ఆయన నా దగ్గరికి వచ్చారు. "బాగా చెప్పారండీ. ఎంతమందికి చెప్పారు?"

"పందొమ్మిది మందికి" అన్నాను.

సాయంత్రం లెక్క వేళ అయింది. మా సబ్‌జైల్లో పద్ధతి ఇది: ఖైదీలను ఇద్దరిద్దరిగా గొంతుకూర్చోబెట్టి, హెడ్డు వార్డరు జతలు లెక్కపెట్టుకుంటూ పోతాడు. గోడకున్న నల్లబల్ల మీద అంకె వేస్తాడు. అంకె పడ్డాక తాళం పడుతుంది. ఆ పూట తొమ్మిది జతలు, ఒక ఒంటరి. పందొమ్మిది. ఆయన గడప దగ్గర నిలబడి తన పెన్సిలుతో తాను లెక్కపెట్టుకున్నారు.

"నాకు ఇరవై వచ్చిందండీ."

"రాదు సార్. మళ్లీ పెట్టుకోండి."

"ఆమె?"

నాకు నీళ్లిచ్చిన మనిషే. హెడ్డు వార్డరు పక్కన సుద్దముక్క, తడిగుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. రోజూ అలాగే నిలబడేది. లెక్కపెట్టేవాళ్ల వైపు నిలబడేది కనుక లెక్కలోకి రాలేదు.

హెడ్డు వార్డరు నవ్వేశాడు. "ఆమె మా అందరికీ అక్క సార్! సంగటి కెలికేది, ముంతలు తోమేది ఆమే. లెక్కలో మనిషి గాదు."

"సాయంత్రం ఇంటికి వెళ్తుందా?"

"ఇల్లేడుండాది సార్ ఆమెకి? ఆ చిన్న గదిలో పడుకుంటాది."

"ఆ గది తాళం ఎవరి దగ్గరుంటుంది?"

హెడ్డు వార్డరు చెయ్యి దానంతటది నడుముకున్న గుత్తి మీదికి పోయింది. 

అప్పుడు నేను లేచాను. చెరలో ఉన్నవారిని చూడవచ్చితిరా అని ఆఖరి దినాన అడిగేవాడు ఒకడున్నాడని, ఏం జవాబు చెబుతావని, వేలు చూపించి ఉరిమాను. నా బోధలన్నిటిలో అంత గట్టిది మరొకటి లేదనుకుంటాను. హెడ్డు వార్డరు ముఖం మాడిపోయింది. "లేదు లేదు, ఆమె పనిమనిషి సార్. పొద్దున్నే వచ్చి సాయంత్రం పోతాది" అన్నాడు.

ఆ పెద్దమనిషి నా మోచెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించారు. "చూశారా? మీరు అరిచారు, జవాబు మారింది. నాకు ఆయన భయం వద్దండీ, నిజం కావాలి. కాసేపు ఎవరి చొక్కా కొలతలైనా తీసుకోండి."

దేవుని మాట చెప్పేవాణ్ణి, నన్ను నోరు మూసుకోమన్నాడు! అయినా ఆ చేతిలో మోటుతనం లేదు. వెళ్లి చిన్న వార్డరు ఛాతీ కొలిచాను. ముప్పైనాలుగు అంగుళాలు. మూడుసార్లు కొలిచాను. చెవులు మాత్రం అటే ఉన్నాయి.

ఆయన స్టూలు వదిలి హెడ్డు వార్డరు పక్కన నేలమీద చతికిలబడ్డారు. "ఆమె వచ్చిన రోజు ఖైదీల పట్టీలో ఏ గడిలో రాశారండీ?"

హెడ్డు వార్డరు మెల్లగా చెప్పుకొచ్చాడు. "రొండేళ్ల ముందు సార్. మొగుడు చేపల వేటకి పోయి గాలివానలో తిరిగి రాలేదంట. మతి చెదిరి రోడ్లమ్మట తిరుగుతుంటే పోలీసోళ్లు తెచ్చి, ఆసుపత్రికి పంపే ఉత్తరువు వచ్చేదాకా భద్రంగా పెట్టమన్నారు. ఉత్తరువు రాలా. నెల తిరిగేలోపల మనిషి నెమ్మళించింది. పట్టీలో రొండు గడులే ఉండాయి సార్. శిక్ష పడినోళ్లు, కేసు నడిచేటోళ్లు. ఈమెకి కేసుందా, శిక్షుందా? కింద రాసి పంపినా. ఏ గడికీ చెందనోళ్లని రాయొద్దని ఎర్రసిరాతో తిప్పి పంపినారు. తుడిచేసినా. మా ఇంటి కూడు తెచ్చి పెట్టినా. పండగకి కోక పెట్టినా. బిడ్డ మాదిరి చూసుకున్నా సార్."

"పోతానని ఎప్పుడైనా అడిగిందా?"

"లేదు."

"మీరు అడిగారా?"

 ఆయన ఆమె వైపు తిరిగారు. "అమ్మా, రేపు పొద్దున ఈ గేటు తీసే ఉంటే ఎక్కడికి వెళ్తావు?"

ఆమె తడిగుడ్డ పిండుతూనే చెప్పింది. "మా చెల్లెలి కాడికి. మైపాడు పక్కన పట్టపుపాళెం. దాని బిడ్డకి ఈ పాటికి నడకొచ్చుంటాది."

"నాకెందుకు చెప్పలా అక్కా?" అన్నాడు హెడ్డు వార్డరు.

"నువ్వడగలా గదన్నా."

నేను మాత్రం అడిగానా? రెండేళ్లు ఆమె చేతి నీళ్లు తాగాను. పేరైనా అడగలేదు. ముళ్లపొదల్లోకి పోయిన కాపరిని గురించి ఆమె ముందే ఏడ్చాను.

ఉన్నది ఉన్నట్టు పైకి రాయాలి, అదొక్కటే దారి. కానీ కాగితం లేకుండా మనిషిని రెండేళ్లు తాళంలో ఉంచినందుకు హెడ్డు వార్డరు ఉద్యోగం పోవచ్చు. "పింఛనుకి ఏడాదిన్నరే ఉండాది సార్ నాకు. నా మెడకి చుట్టుకుంటాది" అన్నాడు. ఆ పెద్దమనిషి చేతులు కూడా కట్టేసే ఉన్నాయి. ప్రశ్నల్లో తప్పులు పట్టి తేవడమే మీ పని, జైలు వ్యవహారాల్లో వేలు పెట్టవద్దని పైవాళ్లు ముందే చెప్పి పంపారట.

 ఆయన రబ్బరు నలుపుతూ అన్నారు: "నేను తెచ్చేది ప్రశ్నలో తప్పే. ఈ పత్రంలో రెండే గడులు ఉండడంవల్ల ఒక మనిషి కనబడకుండా పోయింది. ఆమె పేరుతో సహా అలాగే రాసి సంతకం పెడతాను. మీకు వెనక్కి తిప్పి పంపిన ఆ ఎర్రసిరా కాగితం జతచేసి, మేజిస్ట్రేటుగారికి ఉన్నదున్నట్టు రాయండి. మీ ఉద్యోగానికి ఏమీ కాదని మాటివ్వలేను. నా సంతకం మీ సంతకం పక్కన ఉంటుందని మాత్రం చెప్పగలను."

 హెడ్డు వార్డరు లేచాడు. ముందు కాగితం అడగలేదు. నల్లబల్ల దగ్గరికి పోయి, పందొమ్మిది చెరిపి, ఇరవై వేశాడు.

ఆమె ఆ అంకె కేసి చూసి అడిగింది. "కొత్తగా ఎవురొచ్చినారన్నా?"

"నువ్వే అక్కా."

హెడ్డు వార్డరుకు సంజాయిషీ తాఖీదు వచ్చింది. ఆ పెద్దమనిషికీ మందలింపు వచ్చిందని ఎన్నో ఏళ్లకు గాని నాకు తెలియలేదు. ఉద్యోగాలు మాత్రం నిలిచాయి. కొన్ని వారాలకు మేజిస్ట్రేటు ఆమెను పిలిపించి, మాట్లాడి, పంపించేశారు. పట్టపుపాళేనికి బస్సులో నేనూ తోడు వెళ్లాను. చెల్లెలు వల బాగుచేసుకుంటూ తలెత్తి చూసి, వల వదిలేసి పరుగెత్తుకొచ్చింది. బిడ్డకు నడకే కాదు, పరుగు కూడా వచ్చింది.

ఉద్యోగం విరమించాక ఆయన సముద్రపుగాలి మంచిదని ఇందుకూరుపేటలో మా ఇంటికి రెండిళ్ల అవతల అద్దెకు దిగారు. నా మతం ఆయన తీసుకోలేదు, నేను చెప్పడం మానలేదు. సాయంత్రం నా మిషను పక్కన కూర్చుని ఓపిగ్గా విని, ఒక ప్రశ్న వేసేవారు. ఒకసారి అడిగారు: "మీ కాపరి గొర్రెలను ఏ పూట లెక్కపెట్టాడండీ? తోలుకుపోయేటప్పుడా, దొడ్లో పెట్టేటప్పుడా?" నాకు ఒళ్లు మండింది. దైవవాక్యంలో పెన్సిలు పెడతారా అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ తరువాత ఎన్నాళ్లో ఆలోచించాను. వంద అన్న లెక్క లేకపోతే ఒకటి తక్కువైందని ఎవరికి తెలుస్తుంది? వెతకడానికి ముందు లెక్క ఉంది. నేను ఇన్నేళ్లూ వెతుకులాట బోధించాను, లెక్క బోధించలేదు.

"మీది జవాబుల ఉద్యోగం, నాది ప్రశ్నల ఉద్యోగం. ఇద్దరం వినాల్సింది ఎదుటి మనిషినే" అనేవారు.

మంగళవారం ఆయన ఇంటి ముందు జనం చేరారు. పట్టపుపాళెం నుంచి ఆమె కూడా వచ్చింది. తడికె బయటే ఆగిపోతే హెడ్డు వార్డరు చూసి, "లోపలికి రా అక్కా" అని పిలిచాడు. ఆమె వచ్చి అతని పక్కన, పాత చోటే అన్నట్టు నిలబడి, మెల్లగా అడిగింది: "ఎంతమంది వచ్చినారన్నా?" అతను పెదవులు కదుపుతూ వేలితో ఇద్దరిద్దరిగా లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. చివరికి వేలు ఆమె మీద పెట్టాడు. తరువాత తన గుండె మీద పెట్టుకున్నాడు.

చదువుతున్న మిమ్మల్నే అడుగుతున్నాను. మీ తాలూకాలోనూ సబ్‌జైలు ఉంది. దాని గోడ పక్కగా సంతకు పోతారు, గుడికి పోతారు, మందిరానికి పోతారు. ఆ నల్లబల్ల మీది అంకె ఎంతో, ఆ అంకెలో లేనివాళ్లు లోపల ఎవరో అడిగారా? ఆదివారం దాకా ఆగకండి. రేపు అనకండి. ఈ కాగితం మడిచిపెట్టి లేవండి. అరవకండి, అరిస్తే జవాబు మారిపోతుంది. నేలమీద కూర్చుని మెల్లగా అడగండి, చెప్పింది చెప్పినట్టు వినండి. పొద్దు ఇంకా ఉంది. ఈ సాయంత్రమే, తాళం పడకముందే, వెళ్లండి.