పసుపెక్కని నీళ్లు

రిటైర్ కావడానికి పద్నాలుగు నెలల ముందు, మే మొదటి వారంలో, ఒక ఇంటి స్విమ్మింగ్ పూల్‌ను క్లోరిన్ పద్ధతికి మార్చే పని నాకు అప్పజెప్పారు. అప్పుడు నేను వరంగల్‌లో తాగునీటి పరీక్షల ల్యాబ్‌లో సీనియర్ ఎనలిస్టును. అప్పజెప్పారంటే కాగితం మీద కాదు. మా ఈఈ గారు, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఫైళ్ల మీద సంతకాలు పెడుతూ తల ఎత్తకుండానే, "హన్మకొండల మావాళ్ల ఇల్లుంది, జర చూసి రా" అన్నారు. నా సర్వీసు మొత్తంలో రాతపూర్వకంగా వచ్చిన ఆర్డర్ల కంటే ఇలా నోటిమాటగా వచ్చినవే ఎక్కువ. వాటికి టీఏ ఉండదు, కాదనే వీలూ ఉండదు.

ఎండాకాలం మాకు ఊపిరి సలపని కాలం. నల్లాలు రోజు విడిచి రోజు వస్తుంటాయి. వచ్చిన నీళ్లు వాసన వస్తున్నాయని ఒక కాలనీ వాళ్లు, రాలేదని ఇంకో కాలనీ వాళ్లు ఫోన్లు చేస్తుంటారు. ల్యాబ్‌లో ఉన్నది ఇద్దరం. ఆ ఒత్తిడిలో ఎవరిదో ఈతకొలను చూడ్డానికి వెళ్లాల్సి రావడం నాకు చిరాకు తెప్పించింది. ఇప్పుడు ఆలోచిస్తే, జరిగిన దాంట్లో సగం ఆ చిరాకు వల్లే జరిగింది.

ఆ ఇల్లు సత్యనారాయణ గారిది. కేసముద్రం దగ్గర ఆయనకు పత్తి జిన్నింగ్ మిల్లు ఉంది. ఆయన భార్యకు మోకాలు ఆపరేషన్ అయింది. నడుములోతు నీళ్లలో రోజూ అరగంట నడవమని డాక్టర్ చెప్పాడట. అంతకుముందు పూల్‌కు హైదరాబాద్ డీలర్ ఒకాయన ఏదో విదేశీ మందు పంపేవాడు, ఇప్పుడు మానేశాడు. "గా మందుల కథ మనకెందుకు సారూ, ఊరందరికి మీరు పోసే బ్లీచింగే మాకూ పోయండి" అన్నారు సత్యనారాయణ గారు. ఆ విదేశీ మందు పేరేమిటని నేను అడగలేదు. క్లోరిన్ బిళ్లలకే రంగు డబ్బా వేసి అమ్మి ఉంటారనుకున్నాను.

ఇక్కడ మా పరీక్ష గురించి కాస్త చెప్పాలి. నీళ్లలోని క్రిములను చంపగా ఇంకా మిగిలి ఉండే క్లోరిన్‌ను మేం అవశేష క్లోరిన్ అంటాం. అది ఉందో లేదో చూడ్డానికి చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, నాలుగైదు చుక్కల రసాయనం వేస్తాం. క్లోరిన్ ఉంటే నీళ్లు పసుపెక్కుతాయి. లేకపోతే రంగు మారదు. పసుపు రాలేదంటే మా శాఖలో ఒకటే అర్థం: మందు కలపాల్సిన మనిషి కలపలేదు. వెంటనే ఆ పంపు ఆపరేటర్‌కు మెమో పోతుంది. నా చేతి మీదుగా వెళ్లిన మెమోలకు లెక్క లేదు.

పూల్ నీళ్లు అడుగున టైల్స్ కనిపించేంత తేటగా ఉన్నాయి. గొట్టంలో చుక్కలు వేశాను. పసుపు రాలేదు. మళ్లీ చేశాను, రాలేదు. గొట్టం ఎత్తి పట్టుకుని, "ఇందులో మందు చుక్క కూడా లేదండీ" అని పైకే అన్నాను.

ఆ మాట అన్నప్పుడు అక్కడ ముగ్గురం ఉన్నాం. మూడో మనిషి మరియమ్మ. నలభై ఐదేళ్లుంటాయి. పూల్ కట్టినప్పటి నుంచీ దాన్ని చూసుకునేది ఆమే. పంపు గది పక్కన ఉన్న చిన్న గదిలోనే ఆమె కాపురం. భర్త పోయాడు, పిల్లలు లేరు.

"గట్లెట్లంటరు సారూ? మొన్న ఐతారం సుత చర్చికి పోయొచ్చి పోసిన. నీలం డబ్బల మందు వారం వారం పోస్తాన. తెల్ల డబ్బలది నెలకోపాలి..."

ఆమె ఇంకా ఏదో చెప్పబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టి, "ఉంటే కనిపిస్తుంది కదమ్మా" అన్నాను. సత్యనారాయణ గారు ఆమె వైపు ఒకసారి, పంపు గది వైపు ఒకసారి చూశారు. ఐదేళ్లుగా డబ్బాల మీద డబ్బాలు తెప్పించిన మనిషికి ఆ క్షణంలో ఏమనిపించి ఉంటుందో నేను ఊహించి ఉండాల్సింది. నాకు మాత్రం ల్యాబ్‌లో ఎదురుచూస్తున్న శాంపిళ్లే గుర్తొచ్చాయి.

పూల్ కొలతలు వేసుకుంటే సుమారు నలభై ఐదు వేల లీటర్లు. ఆ లెక్కన ముప్పావు కిలో బ్లీచింగ్ పౌడర్ సరిపోతుంది. దాన్ని బకెట్లో కలిపి, మడ్డి అడుగుకు దిగాక పైన తేరిన నీళ్లు మాత్రమే పూల్‌లో పోయాలి. ఎండలో క్లోరిన్ నిలవదు కాబట్టి పొద్దు వాలాక పోయాలి. అలాగే పోయించి, పంపు నడిపించమని చెప్పి ఇంటికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున ఏడింటికే సత్యనారాయణ గారి ఫోన్. వెళ్లి చూస్తే పూల్ నిండా చెరువు మట్టి కలిపినట్టుంది. గోధుమ రంగు నీళ్లు, పైన జిగటగా తేలుతున్న తెట్టె. టైల్స్ కాదు, మొదటి మెట్టే కనిపించడం లేదు. ముప్పావు కిలో బ్లీచింగ్‌కు నీళ్లు ఇలా మారడం నేను ఎన్నడూ చూడలేదు.

"నిన్న మీరు దొరకబట్టిండ్రని కోపంతోని ఏదో కలిపింది సారూ" అన్నారు సత్యనారాయణ గారు. శనివారం లోగా గది ఖాళీ చేయమని మరియమ్మకు అప్పటికే చెప్పేశారు. ఐదేళ్లుగా డబ్బాలు అమ్ముకుందని ఆయన అనుమానం. అది ఇప్పుడు నిజమైపోయింది, నా గొట్టమే సాక్ష్యం. మరియమ్మ గోడ పక్కన నిలబడి ఉంది. ఏడవలేదు. "నేను పోసిన సారూ. ప్రభువు మీద ఒట్టు" అని ఒక్కసారి మాత్రం అంది. నేను చూద్దామని చెప్పి, ఒక సీసాలో శాంపిల్ పట్టుకున్నాను.

బూట్లు వేసుకోవడానికి పంపు గది అరుగు మీద కూర్చున్నప్పుడు ఎదురుగా గోడ వెంబడి పూల మొక్కలు కనిపించాయి. కనకాంబరాలు, బంతి. అవన్నీ పైభాగం కోసేసిన నీలం ప్లాస్టిక్ డబ్బాల్లో ఉన్నాయి. ముందు రోజు రాకపోకల్లో వాటి పక్కనుంచే మూడుసార్లు నడిచాను. వంగి ఒకదాని మీద సగం చిరిగిన లేబుల్ చదివాను. పొడవాటి రసాయనం పేరు, అందులో క్లోరిన్ లేదు. దాని కింద ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక: క్లోరిన్‌తో గానీ బ్రోమిన్‌తో గానీ కలపరాదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో ఒక ట్రైనింగ్ క్లాసులో క్లోరిన్ లేకుండా క్రిములను చంపే మందుల గురించి అరపేజీ రాసుకున్నాను. తాగునీటికి వాడరు కాబట్టి మళ్లీ తిప్పి చూడలేదు. అలాంటి మందు నీళ్లలో నిండుగా ఉన్నా మా గొట్టం పసుపెక్కదు. దాని మీద క్లోరిన్ పోస్తే రెండూ ఒకదాన్నొకటి చంపుకుని నీళ్లు విరిగిపోతాయి. అంటే పూల్ పాడవడానికి కారణం నేను. అంతకంటే ముఖ్యం, ఆమె క్రమం తప్పకుండా మందు పోసి ఉండకపోతే నీళ్లు ఆ రంగుకు తిరిగేవే కావు.

ఇది తెలిసిన వెంటనే లోపలికి వెళ్లి చెప్పి ఉంటే ఈ జ్ఞాపకం రాయాల్సినంత ఉండేది కాదు. నేను చెప్పలేదు. బూట్లు కట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. పద్నాలుగు నెలల్లో పెన్షన్. ఈఈ గారి చుట్టాలిల్లు. సీనియర్ ఎనలిస్టు డబ్బా మీది లేబుల్ చదవకుండా బ్లీచింగ్ పోశాడన్న మాట ఆఫీసంతా తిరుగుతుంది. టేబుల్ ముందు కూర్చుని ఒక నోట్ రాశాను: "నీటిలో ముందుగా ఉన్న పదార్థాలతో రసాయన చర్య జరిగి రంగు మార్పు సంభవించినది." ఇలా రాయడం మాకు చేతికి అలవాటైన విద్య. అన్నీ సంభవిస్తాయి, ఎవరూ ఏమీ చేయరు. ఆ నోట్ చదివితే సత్యనారాయణ గారికి ముందుగా ఉన్న పదార్థం అంటే మరియమ్మ కలిపిందే అనిపిస్తుంది. అది తెలిసే రాశాను. ఆ సంగతి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఒక రోజంతా ఆ నోట్ నా డ్రాయర్‌లో ఉంది. గురువారం అలా గడిచింది. ఆ రోజు మధ్యాహ్నం ఊరి నీళ్లు వడగట్టే ఒక ఫిల్టర్ బెడ్ నుంచి శాంపిల్ వచ్చింది. పసుపు రాలేదు. అలవాటు ప్రకారం ఆపరేటర్ పేరు కనుక్కోమని మా జూనియర్‌కు చెప్పబోయి ఆగిపోయాను. ముందు ఆపరేటర్‌కు ఫోన్ చేసి ఏం జరిగిందని అడిగాను. క్లోరిన్ కలిపే డోసింగ్ పంపు కాలిపోయిందని రెండు రోజులుగా కంప్లయింట్ ఇస్తూనే ఉన్నాడట. "నన్ను ఎవరూ ఏమీ అడగలేదు సార్" అన్నాడు.

శుక్రవారం పొద్దున సెలవు పెట్టి హన్మకొండ వెళ్లాను. మరియమ్మ గది బయట రెండు మూటలు కట్టి ఉన్నాయి. పంపు గది వెనకాల ఆఖరి నీలం డబ్బా ఇంకా కోయకుండా ఉంది, అడుగున రెండు మూతల మందు మిగిలింది. సత్యనారాయణ గారిని పిలిచి, రెండు గాజు గ్లాసుల్లో బోరు నీళ్లు పట్టించాను. ఒక దాంట్లో బ్లీచింగ్ తేట నీళ్లు పోశాను, ఏమీ కాలేదు. రెండో దాంట్లో ముందు నీలం డబ్బా మందు వేసి, ఆ తర్వాత అదే బ్లీచింగ్ పోశాను. చూస్తుండగానే మసకబారింది. పది నిమిషాల్లో పూల్ రంగుకే వచ్చి పైన తెట్టె కట్టింది.

"ఆమె మందు పోయకుంటే మీ పూల్ మొదటి గ్లాసు లెక్కన తేటగా ఉండేది. పోసింది కాబట్టే ఇట్లయింది. నా పరీక్ష ఈ మందును పట్టలేదు, నేను అడగలేదు. తప్పు నాది" అని చెప్పాను. చెబుతున్నప్పుడు మరియమ్మ అక్కడే ఉండేలా చూసుకున్నాను. మందు లేదన్న మాట ఆమె ముందే అన్నాను మరి.

సత్యనారాయణ గారు గ్లాసును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు. చెడ్డ మనిషి కాదు. కానీ పనిమనిషికి క్షమాపణ చెప్పడం ఆయనకు అలవాటు లేని పని. "సరే తియ్ మరియమ్మా, ఉండు. ఏదో అన్న, మనసుల పెట్టుకోకు" అన్నారు. ఆమె తల ఊపి, మూటలు విప్పకుండానే చీపురు తీసుకుంది.

ఆ తర్వాత పూల్‌ను మార్చడానికి పదిహేను రోజులు పట్టింది. నీళ్లన్నీ తోడేసి కొత్తగా నింపితే పని త్వరగా తేలిపోయేది. నల్లా రోజు విడిచి రోజు వచ్చే మే నెలలో, నా నోటితో ఆ మాట చెప్పలేకపోయాను. ఉన్న నీళ్లతోనే చేశాం. రోజూ పొద్దు వాలాక క్లోరిన్ పోయడం, పొద్దున్నే గోడలు బ్రష్‌తో రుద్దడం, ఫిల్టర్‌లోకి నీళ్లు వెనక్కి పంపి మడ్డి కడగడం. పాత మందు పూర్తిగా చచ్చేదాకా ఎంత క్లోరిన్ పోసినా తెల్లారేసరికి మిగలదు. ఫిల్టర్‌లో ఇసుక బెల్లం పాకంలా అతుక్కుపోతే అదంతా తీసి కొత్తది నింపాం. ఏ వాల్వ్ ఎటు తిప్పాలో, పంపు ఎప్పుడు మొరాయిస్తుందో మరియమ్మకే తెలుసు. ఆమె చెప్పినట్టు నేను చేశాను. మాట్లాడింది మాత్రం తక్కువే.

మొదటి వారం గొట్టం తెల్లగానే ఉంది. తర్వాత సాయంత్రం పసుపెక్కి పొద్దునకు పోయేది. పద్నాలుగో రోజు రాత్రంతా నిలిచింది. పదిహేనో రోజూ నిలిచింది. అడుగు టైల్స్ మళ్లీ కనిపించాయి. ఆ సాయంత్రం సత్యనారాయణ గారి భార్య కడ్డీ పట్టుకుని నీళ్లలో అటూ ఇటూ నడిచింది.

మర్నాడు ఆఖరిసారి పరీక్ష చేద్దామని వెళితే మరియమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. మూటలు రెండూ, వాటితో పాటు కనకాంబరం డబ్బా ఒకటి ఆటోలో ఉన్నాయి. డోర్నకల్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్తానంది. సారు ఉండమన్నాడు కదా, ఎందుకు పోవడం అని అడిగాను.

"ఉండమన్నడు సారూ, కాదంటలేను. కనీ రేపు మళ్ల గా గొట్టంల పసుపు రాకుంటే నన్నే అడుగుతరు. అప్పుడు మీరుంటరా?"

 జవాబు కోసం ఆమె ఆగలేదు. తాళంచెవులు నా చేతిలో పెట్టి, ఏ తాళం పంపు గదిదో చూపించి, ఆటో ఎక్కింది.

డ్రాయర్‌లోని నోట్ చించేసి ఇంకోటి రాసి ఈఈ గారికి ఇచ్చాను. అందులో కర్త నేనే. ఆయన చదివి, "ఇంత అవసరమా" అని పక్కన పెట్టారు. నా మీద ఏ చర్యా లేదు. పెన్షన్ ఒక్క రూపాయి తగ్గకుండా వచ్చింది. ఆ మాట చెప్పడానికి రెండు రోజులు భయపడ్డాను, మరియమ్మకు మూటలు కట్టుకోవడానికి ఆ రెండు రోజులు చాలాయి.

ఆ ఎపిసోడ్ నేర్పింది ఇది. పరీక్ష తను వెతికినదాని గురించే చెబుతుంది. నా గొట్టం క్లోరిన్ లేదని చెప్పింది, మందు లేదన్నది నేను. ఆ రెండింటి మధ్య ఒక మనిషి ఉపాధి ఉంది. రిటైరయ్యే దాకా నా రిపోర్టుల్లో ‘లేదు’ వచ్చిన ప్రతిచోటా ఇంకో వాక్యం చేర్చాను: "ఇతర మందుల కోసం పరీక్షించలేదు. ఆపరేటర్‌ను అడగవలెను." ఫారంలో ఆ గడి చిన్నది, వాక్యం పట్టేది కాదు. మార్జిన్‌లోకి వంచి రాసేవాణ్ణి.