గోడ అవతలి డ్రమ్ము

మా ఊళ్లో శుక్రవారం వచ్చిందంటే ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి నిలవనీళ్లు పారబోయిస్తుంది. డెంగీ దోమ మురుగులో పుట్టదు, మంచినీళ్లలో పుడుతుంది, పగలే కుడుతుంది అని చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు అరిగిపోయింది. నేను కోళ్లకి పెట్టిన చిప్పతో సహా బోర్లించేదాన్ని. పక్కింటి అక్క గోడ మీంచి చూసి నవ్వేది. "మేం ఎప్పుడో పారబోశాం, నువ్వింకా కడుగుతానే ఉన్నావా?" అనేది.

సొంత అక్క కాదు. అయినా నేను మిరప చేలో కలుపుకి వెళ్తే నా కూతురు బడి నుంచి నేరుగా వాళ్లింటికే వెళ్లేది. అక్క మనవరాలు చంటిది, దాన్ని ఆడించడమంటే మా పిల్లకి ప్రాణం.

మొన్న వానాకాలంలో పిల్లకి డెంగీ వచ్చింది. ఒంగోలులో ఆసుపత్రిలో చేర్చాం. ప్లేట్‌లెట్లు పడిపోతుంటే అక్క బస్సెక్కి వచ్చింది, బొప్పాయి ఆకు రసం తెచ్చింది, నాకన్నా ఎక్కువ ఏడ్చింది. దోమల మందు కొట్టించని పంచాయతీని ఇద్దరం కలిసి తిట్టాం. ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని కాసేపు నిద్రపోయాను కూడా.

పిల్ల బతికింది. ఇంటికొచ్చాక రసం తెచ్చిన స్టీలు క్యాను ఇచ్చొద్దామని వాళ్ల దొడ్లోకి వెళ్లాను. మిరపకి మందు కలిపే నీలం డ్రమ్ము మీద పట్టా కప్పి, దానిపైన పత్తికట్టె పేర్చి ఉంది. పట్టా ఒక పక్క తొలిగింది. లోపల నిండా నీళ్లు, నీళ్లలో మెలికలు తిరుగుతున్న సన్నటి పురుగులు. ఆశా కార్యకర్త గ్లాసులో పట్టి చూపించేవి అవే.

"ఇదేంటక్కా?"

"మందు డ్రమ్మే కదమ్మా, ఆ ఘాటుకి దోమ బతకదనుకున్నాం. మందు కొట్టే రోజున కుళాయి రాకపోతే చేను పోద్ది."

మా ఊళ్లో అందరిదీ అదే నమ్మకం. వానకి ఆ మందంతా ఎప్పుడో కొట్టుకుపోయిందని ఎవరికీ తట్టదు. నాకూ తట్టలేదు. అబద్ధమాడినందుకు ఒళ్లు మండినా, తెలియక చేసిందిలే అనుకున్నాను.

అప్పుడు వసారాలో చంటిది కదిలింది. మిట్టమధ్యాహ్నం దాన్ని దోమతెరలో పడుకోబెట్టారు.

"పగటిపూట తెరెందుకక్కా? ఎప్పట్నుంచి?"

ఆవిడ నా మొహం చూడలేదు. "వానలు మొదలైన కాడ్నించి. డ్రమ్ములో పురుగులు కనపడ్డాయి గదా, చంటిదని భయమేసి..."

క్యాను అరుగు మీద పెట్టేసి వచ్చాను. మళ్లీ ఆ గడప తొక్కలేదు. జ్వరం రాకముందు రోజూ బడి వదిలాక నా కూతురు ఆ తెర బయటే కూర్చుని, చంటిది ఎప్పుడు లేస్తుందా అని ఎదురుచూసేది. తెర లోపల ఇంకో పిల్లకి చోటుంది.